పర్లాకిమిడిలో ఏ సిమ్ తీసుకోవాలి? 5జీ గుర్తు పక్కన పెట్టి బ్యాండు చూడండి

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు సిమ్ కొనడానికి వెళ్ళినవాళ్ళు షాపులో అడిగే మొదటి మాట "ఇక్కడ 5జీ వస్తుందా?" రెండోది "ఏది చవక?" ఈ రెండింటికీ షాపువాడు చెప్పే జవాబు వాడి దగ్గర ఆ రోజు ఏ కంపెనీ కమిషన్ ఎక్కువో దాన్ని బట్టి ఉంటుంది. మన ఇంటి లోపలికి ఏ బ్యాండు (అంటే టవరు వాడే రేడియో అలల పట్టీ) వస్తోంది, అది ఒడిశా టవరుదా ఆంధ్రా టవరుదా అన్నది తెలిస్తే ఏ సిమ్ అన్నది దానంతట అదే తేలుతుంది. దాన్ని తెలుసుకోవడం గంట పని. ఫోను ఒకటి, అరువు తెచ్చుకున్న సిమ్‌లు రెండుమూడు చాలు.

తరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2జీ మాటకోసం పుట్టింది. అందులో ఎడ్జ్ పేరుతో వచ్చే డేటా బాగా నడిచినప్పుడు కూడా సెకనుకు 200 కిలోబిట్ల దగ్గరే ఆగుతుంది. వాట్సాప్‌లో అక్షరాలు పోతాయి, ఫొటోకు నిమిషాలు పడుతుంది, యూపీఐ యాప్ తెరుచుకునేలోపే గడువు దాటిపోతుంది. 3జీని మన లెక్కలోంచి దాదాపు తీసేయవచ్చు. జియోకు అది ఎన్నడూ లేదు, ఎయిర్‌టెల్ 2020 నాటికి ఆపేసింది. కాబట్టి "3జీ ఫోనే, బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అని ఎవరైనా పాత సెట్టు అమ్మజూపితే దాన్ని 2జీ ఫోనుగానే లెక్కగట్టి ధర చెప్పండి.

4జీలో మాట కూడా డేటాలాగే పోతుంది. దాన్నే వోల్టీ అంటారు. సెట్టింగుల్లో వోల్టీ ఆపేసి ఉంటే ఎయిర్‌టెల్, వీఐ సిమ్‌లు కాల్ వచ్చిన ప్రతిసారీ 2జీకి దిగిపోతాయి. కాల్ కలవడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది, మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది. 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియోకు 2జీ అనేదే లేదు గనుక వోల్టీ లేని ఫోనులో ఆ సిమ్ వేస్తే మామూలు కాలే వెళ్ళదు. ముసలివాళ్ళ చేతిలో ఉన్న పాత బటన్ల ఫోనులో జియో సిమ్ వేసి "టవర్ లేదు" అని తిట్టుకోవడం ఇక్కడ రోజూ జరిగేదే. తప్పు టవరుది కాదు.

5జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. అందులో రెండు రకాలున్నాయి. జియో వేసినది సొంత కాళ్ళ మీద నిలబడే రకం. ఎయిర్‌టెల్ మొదలుపెట్టినది 4జీ భుజం పట్టుకుని నడిచే రకం, అంటే ఫోను ముందు 4జీ టవరుకు తగులుకుని, దాని మీదుగా 5జీని అదనంగా తెచ్చుకుంటుంది. ఈ రెండో రకంలో ఒక తిరకాసు ఉంది. "ఇక్కడ 5జీ కలిపే వీలుంది" అని 4జీ టవరు చెప్పగానే చాలా ఫోన్లు తెరమీద 5జీ గుర్తు చూపించేస్తాయి, నిజంగా కలిసిందా లేదా అన్నది తర్వాతి సంగతి. గుర్తు 5జీ, నడిచేది 4జీ. అందుకే గుర్తు చూసి సిమ్ కొనవద్దంటున్నాను.

ఇక అసలు విషయానికొద్దాం.

మూరెడు అల, బెత్తెడు అల

టవరు నుంచి వచ్చే అల పొడవును మన కొలతల్లో ఊహించుకోండి. 700 మెగాహెర్ట్జ్ అల 43 సెంటీమీటర్లు, దగ్గరదగ్గర మూరెడు. 900ది 33 సెంటీమీటర్లు. 1800ది జానెడుకు కాస్త తక్కువ. 5జీ ఎక్కువగా నడిచే 3300-3670 మెగాహెర్ట్జ్ అల బెత్తెడు. పొడుగు అల కొండ అంచు మీదుగా కొంత వంగి అవతలికి దిగుతుంది, ఇటుక గోడలోంచి తక్కువ నష్టంతో లోపలికి వస్తుంది. బెత్తెడు అల టవరుకు ఎదురుగా, అడ్డం లేనిచోట అద్భుతంగా ఉంటుంది. కొండ అడ్డమొచ్చినా, రెండు గోడలు అడ్డమొచ్చినా తేలిపోతుంది. అడ్డేమీ లేకపోయినా, ఒకే దూరంలో 700తో పోలిస్తే 3500 సిగ్నలు 14 డెసిబెల్స్ తక్కువగా అందుతుంది, అంటే పాతికో వంతు. పెద్ద టవర్లు అనేక చిన్న యాంటెనాలతో కిరణాన్ని ఒక దిక్కుకు గురిపెట్టి ఆ నష్టాన్ని కొంత పూడుస్తాయి గానీ ఫోను వైపు నుంచి తిరుగు ప్రయాణంలో ఆ సాయం అంతగా ఉండదు.

మహేంద్రగిరి 1501 మీటర్లు, కొరాపుట్ దేవమాలి 1672 మీటర్లు. వాటి చుట్టూ ఉన్న మడతల్లోని ఊళ్ళకు బెత్తెడు అలతో పనిలేదు. మోహన, ఆర్. ఉదయగిరి దారిలో ఫోను చూస్తూ వెళితే మలుపు మలుపుకూ సిగ్నలు గీతలు లేచి పడుతుంటాయి. ఒడియా వాళ్ళు "టావర్ నాహిఁ" అన్నా మనం "టవర్ లేదు" అన్నా చాలాసార్లు టవరు ఉంటుంది, ఆ మలుపుకు కొండ అడ్డం ఉంటుంది.

ఎవరి దగ్గర ఏ బ్యాండు ఉందో తెలుసుకుంటే సగం పని అయినట్టే. జియో 4జీ 850 (బ్యాండ్ 5), 1800 (బ్యాండ్ 3), 2300 (బ్యాండ్ 40) మీద నడుస్తుంది. 2022 స్పెక్ట్రం (అలల హక్కుల) వేలంలో 700ను టెలికాం శాఖ దేశాన్ని విడగొట్టిన మొత్తం 22 సర్కిళ్ళలోనూ కొన్నది కూడా వాళ్ళే, దాన్ని 5జీకి వాడుతున్నారు. ఎయిర్‌టెల్‌కు 900 (బ్యాండ్ 8), 1800, 2100 (బ్యాండ్ 1), 2300 ఉన్నాయి. వీఐకి 900, 1800, 2100, కొన్ని సర్కిళ్ళలో 2500 (బ్యాండ్ 41) ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ 4జీ ఎక్కువగా 700 (బ్యాండ్ 28), 2100 మీద. ఇందులో ఇంటి లోపల పనికొచ్చేవి 700, 850, 900. బజారులో నిలబడి వేగం చూసుకుని మురిసిపోయేవి 2300, 2500, 3500.

రాత్రి 9 గంటలకు కూడా వీడియో ఆగకుండా నడవాలంటే పై బ్యాండ్లే కావాలి, ఎందుకంటే కింది బ్యాండ్లు ఇరుకు దారులు. ఒక కంపెనీ చేతిలో 900లో 5 మెగాహెర్ట్జ్ వెడల్పే ఉండొచ్చు, 2300లో 20, 30, 40 ఉండొచ్చు, 3500లో 100 దాకా ఉండొచ్చు. ఇరుకు దారిలో అందరూ పడితే ఏమవుతుందో సంత రోజు మీకే తెలుసు.

సర్కిల్ గీత మీద బతుకు

ఇది హైదరాబాదు వాళ్ళు రాసే ఫోను సలహాల్లో ఎక్కడా కనబడదు. టెలికాం శాఖ లెక్కలో దేశం 22 సర్కిళ్ళు. ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒకటి. ఒడిశా ఒకటి. ముంబయి పోగా మహారాష్ట్ర, గోవా కలిపి ఒకటి. స్పెక్ట్రం వేలం సర్కిల్‌వారీగా జరుగుతుంది. మహేంద్రతనయ దాటి పాతపట్నంలో అడుగుపెడితే పేరు అదే కంపెనీ అయినా ఫోను దృష్టిలో అది వేరే నెట్‌వర్కు, దాని కోడు నంబరే వేరు. మహారాష్ట్రలోని సిరోంచ నుంచి ప్రాణహిత దాటినా అంతే.

దీనివల్ల వచ్చే మొదటి తంటా డేటా రోమింగ్ మీట. ఆంధ్రా సిమ్‌తో పర్లాకిమిడిలో ఉన్నారు. పాతపట్నం టవరు అందినంతసేపు ఫోను దాన్నే పట్టుకుంటుంది. అది పోగానే ఒడిశా టవరుకు మారుతుంది, పైన చిన్న ఆర్ అక్షరం కనబడుతుంది. కాల్స్ వస్తాయి, నెట్ మాత్రం చచ్చిపోతుంది. ఫోను కంపెనీ "డేటా రోమింగ్" ఆపేసి పంపి ఉంటుంది, విదేశాల్లో బిల్లు పడకుండా. ఇప్పటి అపరిమిత ప్యాకుల్లో దేశం లోపల రోమింగుకు విడిగా డబ్బు కోయరు కాబట్టి సెట్టింగుల్లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళి ఆ మీట వేసేయండి. రెండు సిమ్‌లు ఉంటే ఒక్కో సిమ్‌కు విడిగా వేయాలి. "ఇంట్లో నెట్ ఉంది, వీధి చివరకెళితే లేదు" అనే ఫిర్యాదు వినగానే ముందు చూడాల్సింది ఇదే.

రెండో తంటా తిరిగి రావడంలో ఉంది. రోమింగులోకి వెళ్ళిన ఫోను సొంత సర్కిల్ టవరు మళ్ళీ అందుతోందా అని ఎప్పుడుపడితే అప్పుడు వెతకదు. సిమ్‌లో ఒక గడియారం రాసి ఉంటుంది, 6 నిమిషాల గుణిజాల్లో. ఏమీ రాయకపోతే గంటకోసారి. అప్పుడు కూడా ఖాళీగా ఉన్నప్పుడే వెతుకుతుంది. అందుకే పక్కనే సొంత టవరు నిండుగా ఉన్నా ఫోను ముక్కుతూ మూలుగుతూ అవతలి టవరునే పట్టుకు వేలాడుతుంది. విమానం గుర్తు నొక్కి 20 సెకన్లు ఆగి తీసేస్తే అప్పటికప్పుడు వెతుక్కుంటుంది. రోజంతా సర్కిల్ గీత మీదే ఉండే ఇళ్ళలో మరో మార్గం, నెట్‌వర్కును ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి ఒకదాన్ని కట్టేయడం. ఊరు దాటి వెళ్ళేటప్పుడు తిరిగి ఆటోమేటిక్ చేయడం మరిచారా, శ్రీకాకుళం చేరేసరికి సర్వీసే ఉండదు.

మాట్లాడుతూ బండి మీద గీత దాటితే కాల్ తెగడం మూడోది. ఒక సర్కిల్ టవరు నుంచి ఇంకో సర్కిల్ టవరుకు నడుస్తున్న కాల్‌ను అప్పగించే ఏర్పాటు ఉన్నచోట నిలుస్తుంది, లేనిచోట తెగుతుంది. దీనికి మీ చేతిలో మందు లేదు.

అన్నింటికంటే చికాకైనది నాలుగోది. వేలం సర్కిల్‌వారీ అన్నాను కదా. 1800లో ఒకే ముక్క ఆంధ్రాలో ఒక కంపెనీది, ఒడిశాలో ఇంకో కంపెనీది అయి ఉండొచ్చు. లోపలి జిల్లాల్లో ఎవరికీ బాధ లేదు. నది ఒడ్డున మాత్రం రెండు టవర్లూ ఒకే పౌనఃపున్యం మీద ఒకదానిమీదొకటి అరుస్తుంటాయి. తెరమీద గీతలు నిండా ఉంటాయి, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కంపెనీలు యాంటెనాను కిందికి వంచి, బలం తగ్గించి సరిహద్దు దాటకుండా చూస్తాయి. ఆ వంపు వల్లే గీత పక్కనున్న ఊళ్ళకు రెండువైపుల నుంచీ సిగ్నలు పలచబడుతుంది. వంశధార, మహేంద్రతనయ లోయల్లో నీటి మీద అడ్డం ఉండదు గనుక అవతలి గట్టు టవరు అనుకున్నదానికంటే దూరం వస్తుంది. భామిని వైపు టవరు కాశీనగర్ డాబా మీద పలకడంలో వింతేమీ లేదు.

ఒక పక్కమాట. మహేంద్రగిరి లాంటి ఎత్తు మీద 2జీ ఫోనుకు ఎక్కడో దూరాన ఉన్న టవరు కనబడినా కలవకపోవచ్చు. 2జీలో టవరుకూ ఫోనుకూ మధ్య 35 కిలోమీటర్లు దాటితే కాల లెక్క కుదరదు, బలం ఎంతున్నా లాభం లేదు.

కొలిచే పద్ధతి

గీతలను నమ్మవద్దు. ఎన్ని డెసిబెల్స్‌కు ఎన్ని గీతలో ఒక్కో ఫోను కంపెనీ తనకు తోచినట్టు పెట్టుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో డయలర్ తెరిచి *#*#4636#*#* కొట్టండి, ఫోను సమాచారం అనే తెర వస్తుంది. కొన్ని శామ్‌సంగ్ ఫోన్లలో *#0011#, ఐఫోనులో *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి. ఇవేవీ రాకపోతే నెట్‌మాన్‌స్టర్, సెల్‌మ్యాపర్ లాంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి.

చూడాల్సినవి మూడే అంకెలు. ఆర్ఎస్ఆర్‌పీ అంటే బలం, మైనస్‌లో ఉంటుంది. మైనస్ 85 కంటే పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. మైనస్ 100 దాకా రోజువారీ పనికి ఢోకా లేదు. 110 దాటితే ఇంట్లో నడుస్తుంటేనే కాల్ తెగుతుంది. 120 దగ్గర ఫోను ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టే. ప్రతి 3 డెసిబెల్స్‌కు బలం సగమవుతుందని గుర్తుంచుకోండి. రెండోది ఎస్ఐఎన్ఆర్, అంటే గోలలో మాట ఎంత తేటగా ఉందన్నది. 15 పైన బాగుంది, 5 కింద ఇబ్బంది, సున్నా కింద అయితే బలం మైనస్ 80 ఉన్నా ప్రయోజనం లేదు. పైన చెప్పిన నది ఒడ్డు గోల ఇక్కడే బయటపడుతుంది. మూడోది ఇయర్‌ఎఫ్‌సీఎన్ అనే ఛానెల్ నంబరు. దాన్నిబట్టి బ్యాండు తెలుస్తుంది. 0 నుంచి 599 అయితే 2100. 1200 నుంచి 1949 అయితే 1800. 2400 నుంచి 2649 అయితే 850. 3450 నుంచి 3799 అయితే 900. 9210 నుంచి 9659 అయితే బీఎస్ఎన్ఎల్ 700. 38650 నుంచి 39649 దాకా 2300.

2జీ అంకెనూ 4జీ అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. 2జీలో చూపేది మొత్తం ఛానెల్ బలం. 4జీలో చూపేది ఆ ఛానెల్‌లోని ఒక్క సన్నని పోగు బలం. 10 మెగాహెర్ట్జ్ 4జీలో అలాంటి పోగులు 600, కాబట్టి మొత్తానికి అంకె దాదాపు 28 డెసిబెల్స్ తక్కువగా కనబడుతుంది. 2జీ మైనస్ 100 అంటే గట్టు అంచు, 4జీ మైనస్ 100 అంటే ఇంకా మెట్ట మీదే ఉన్నట్టు.

ఒకే ఫోనులో ఒక్కో కంపెనీ సిమ్ మార్చి వేయండి. ఫోను మార్చి కొలిస్తే అంకెలు కలవవు. సిమ్ వేశాక విమానం గుర్తు నొక్కి తీసి, రెండు నిమిషాలు ఆగండి. పడుకునే గది, వంటిల్లు, వీధి అరుగు, ఈ మూడు చోట్ల మూడు అంకెలూ కాగితం మీద రాయండి. ఇదే పని ఉదయం 6కు, రాత్రి 9కి చేయండి, డౌన్‌లోడు వేగంతో పాటు అప్‌లోడు కూడా చూడండి. అప్‌లోడును ఎవరూ చూడరు, నొప్పి అంతా అక్కడే ఉంటుంది. టవరు ఒక్కో యాంటెనాకు పదుల వాట్లు పంపగలదు. మీ ఫోను 4జీలో పంపేది గరిష్ఠంగా 0.2 వాట్లు. టవరు కేక మీకు వినబడుతుంది, మీ గుసగుస టవరుకు వినబడదు. యూపీఐలో డబ్బు కట్ అయి "ప్రాసెసింగ్" అని ఆగిపోయే కేసులు కొన్ని ఇలాంటివే. 900 మీద 2జీ ఫోను క్షణకాలం 2 వాట్ల దాకా పంపగలదు, అందుకే గట్టు అంచున 4జీ చేతులెత్తేశాక కూడా 2జీ కాల్ నడుస్తుంది.

అదే 4636 తెరలో "ఎల్‌టీఈ ఓన్లీ" అని పెట్టుకుని వేగం పెరిగిందని సంబరపడేవాళ్ళు ఉంటారు. ఆ సిమ్‌కు వోల్టీ నడవకపోతే కాల్స్ ఆగిపోతాయి, ఓటీపీలు కూడా రాకపోవచ్చు. పరీక్ష అవగానే మునుపటి స్థితికి తెచ్చేయండి.

ఏది ఎవరికి

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం, జయపురం లాంటి పట్టణంలో డాబా ఇల్లు, పిల్లలు వీడియోలు చూస్తారు అంటే 5జీ ఫోను, 5జీ ప్యాకు దండగ కాదు. అపరిమిత 5జీ ఎక్కువగా రోజుకు 2 జీబీ, అంతకుపైన ఉన్న ప్యాకులకే ఇస్తున్నారు. 1.5 జీబీ ప్యాకు వేసి 5జీ గుర్తు చూసుకుంటే డేటా మామూలుగానే కరిగిపోతుంది. 480పీ వీడియో గంటకు సుమారు అర జీబీ తింటుంది, 720పీ అయితే జీబీ దాటుతుంది. వాట్సాప్ మాట కాల్ గంటకు 30 ఎంబీ చుట్టుపక్కల. యూపీఐ చెల్లింపుకు పట్టేది కిలోబైట్లలోనే. దుకాణంలో డబ్బు తీసుకోవడానికి 5జీ అక్కర్లేదు, తెగని 4జీ కావాలి.

కొండ మడత ఊరు, రేకుల ఇల్లు అయితే 5జీని సెట్టింగుల్లో ఆపేయండి. అంచున ఉన్న 5జీ కోసం ఫోను ఎక్కి దిగుతూ బ్యాటరీ తాగేస్తుంది. కొలతలో 850, 900, 700లలో ఏది పడుకునే గదిలో మైనస్ 105 కంటే పైన ఉందో ఆ కంపెనీ మొదటి సిమ్. రెండో సిమ్ తప్పనిసరిగా వేరే కంపెనీది, వీలైతే వేరే టవరు మీదిది. ఒకే ఇనప టవరుకు రెండు కంపెనీల యాంటెనాలు ఉంటాయి, కరెంటు పోతే రెండూ ఒకేసారి పడుకుంటాయి. కొలిచేటప్పుడు టవరు ఏ దిక్కున ఉందో సెల్‌మ్యాపర్‌లో చూసుకోండి, రెండు దిక్కుల్లో ఉన్నవైతే మేలు. గీత మీద ఉన్న ఊరైతే ఒకటి ఆంధ్రా సర్కిల్‌ది, ఒకటి ఒడిశా సర్కిల్‌ది ఉంచుకోవడం మంచిది. ముసలివాళ్ళకు మాట మాత్రమే చాలంటే డేటా లేని మాట, ఎస్ఎంఎస్ ప్యాకులు 2025 నుంచి విడిగా దొరుకుతున్నాయి, ఏడాది గడువువి కూడా ఉన్నాయి. షాపువాడు అడిగితేనే చెబుతాడు.

బీఎస్ఎన్ఎల్ గురించి విడిగా రెండు మాటలు. స్వదేశీ పరికరాలతో కట్టిన దాని 4జీని 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడలోనే ప్రధాని ప్రారంభించారు, 97,500కు పైగా టవర్లతో. టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, సీ-డాట్ కలిసి చేసిన పని అది. సిగ్నలే అందని 24,680 ఊళ్ళకు 4జీ ఇవ్వాలని 2022 జులైలో కేంద్రం ఒప్పుకున్న 26,316 కోట్ల పథకం కూడా బీఎస్ఎన్ఎల్ చేతుల మీదుగా నడిచేదే. కాబట్టి మల్కన్‌గిరి, కొరాపుట్ లోపలి ఊళ్ళలో పనికొచ్చే ఏకైక సిమ్ అదే కావచ్చు. రెండు మెలికలు ఉన్నాయి. పాత 2జీ, 3జీ సిమ్ మీద 4జీ రాదు, సిమ్ మార్పించుకోవాలి. రెండోది, ఫోనులో బ్యాండ్ 28 ఉండాలి. నాలుగైదేళ్ళ కిందటి చవక ఫోన్లలో చాలావాటికి అది లేదు. టవరు ఊరి నడిమధ్యలో ఉన్నా ఆ ఫోనుకు 2జీయే కనబడుతుంది. కొనే ముందు మోడల్ నంబరుతో ఇంటర్నెట్‌లో 4జీ బ్యాండ్ల జాబితా చూసి 1, 3, 5, 8, 28, 40 ఉన్నాయో లేవో సరిచూసుకోండి. 5జీ ఫోనైతే ఎన్28, ఎన్78 (700, 3500లకు 5జీలో పేర్లు) రెండూ కావాలి. కొన్ని అడవి టవర్లు ఉపగ్రహం మీద నడుస్తాయి. అక్కడ అవతలి మాట అర సెకను వెనకబడి వినబడుతుంది. ఒకరి మాట మీద ఒకరు పడకుండా ఆగి మాట్లాడితే సరి.

రేకుల ఇంట్లో సిగ్నలు రాక బూస్టరు కొనుక్కునేవాళ్ళు ఉన్నారు. ఆన్‌లైన్లో మూడు వేలకు దొరుకుతుంది, అనుమతి లేకుండా పెట్టడం చట్టరీత్యా నేరం. అది టవరు చెవిలో గోల నింపి చుట్టుపక్కల ఇళ్ళకు ఉన్న సిగ్నలు కూడా పోగొడుతుంది. దాని బదులు బయటి యాంటెనా తగిలించే వీలున్న 4జీ రౌటరు తెచ్చుకోండి. యాంటెనా ఇంటి పైన, రౌటరు కింద హాల్లో పెట్టి మధ్యలో సన్న కేబులు లాగితే మాత్రం డబ్బు గంగలో పోసినట్టే. 10 మీటర్ల సన్న కేబులు 900లో 5 డెసిబెల్స్, 1800లో 7 పైన తినేస్తుంది, యాంటెనా సంపాదించినదంతా దారిలోనే ఖర్చు. రౌటరును చూరు దగ్గర ఎత్తులో పెట్టి, కేబులు 2-3 మీటర్లకు మించకుండా చూసి, కింద వైఫై వాడుకోవాలి. ఆ వైఫై మీదే కాల్స్ కూడా మాట్లాడుకోవచ్చు. సెట్టింగుల్లో వైఫై కాలింగ్ వేస్తే చాలు, ఎయిర్‌టెల్ 2019 డిసెంబరు నుంచీ జియో 2020 జనవరి నుంచీ ఇస్తున్నాయి. కేబులు ఇంటర్నెట్ ఉన్న ఇంటికి ఇదే అన్నిటికంటే చవకైన మందు.

గీతలు నిండా ఉన్నాయి, నెట్ లేదు

రాత్రి 8 నుంచి 11 మధ్యే నెమ్మదించి తెల్లవారుజామున పరుగెడితే అది జనం రద్దీ. పై బ్యాండు అందే చోటికి, అంటే కిటికీ దగ్గరకో డాబా మీదకో జరగడం తప్ప చేసేదేమీ లేదు. పొద్దున, రాత్రి ఒకేలా చచ్చుగా ఉంటే టవరు వెనకాల దారి, అంటే ఫైబరో మైక్రోవేవ్ డిష్షో ఇరుకుగా ఉన్నట్టు. జోరు వానలో మాత్రమే పోయి వాన తగ్గగానే వస్తే అది మైక్రోవేవ్ లంకె. వాన చినుకులు మీ ఫోను సిగ్నలును పెద్దగా ఆపవు, టవర్ల మధ్య నడిచే 15, 18, 23 గిగాహెర్ట్జ్ అలలను ఆపుతాయి. కరెంటు పోయిన మూడునాలుగు గంటలకు సిగ్నలు పోతే టవరు బ్యాటరీ ముసలిదైంది. ఫిర్యాదులో ఈ తేడా రాయండి. "నెట్ రావట్లేదు" అని రాస్తే ఫోను ఆపి పెట్టమని జవాబొస్తుంది. "టవరు ఫలానా వీధిలో, కరెంటు పోయిన 3 గంటలకు ఆగుతోంది" అని రాస్తే అది సరైన మనిషి బల్లమీదకు పోతుంది. 198కి కాల్ చేసి ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో 2జీ, 4జీ, 5జీ విడివిడిగా కవరేజీ పటాలు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది. మీ ఊరు ఆ పటంలో రంగు వేసి ఉంటే దాని ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేయండి, వాదన సగం తగ్గుతుంది.

తుపాను రోజులు వేరు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్లో కుంభవృష్టి కురిపించినప్పటిలాంటి రోజుల్లో ఏ టవరు లేస్తుందో ఏది పడుకుంటుందో చెప్పలేం. అలాంటప్పుడు ఒక కంపెనీ టవరును అన్ని కంపెనీల సిమ్‌లూ వాడుకునేలా టెలికాం శాఖ తాత్కాలికంగా తెరిపిస్తుంది. మీ సిమ్‌కు టవరు పోతే నెట్‌వర్కు మాన్యువల్‌గా వెతికి జాబితాలో కనబడే ఇంకో కంపెనీ పేరు నొక్కి చూడండి. 112 అయితే మీ కంపెనీ టవరు లేకపోయినా అందిన ఏ టవరు మీదుగానైనా వెళుతుంది. గీత పక్క ఊళ్ళలో 112 గానీ 108 గానీ కొడితే పక్క రాష్ట్రం కేంద్రానికి తగలొచ్చు. అవతల ఎవరెత్తినా ముందు రాష్ట్రం, జిల్లా, ఊరు చెప్పి తర్వాతే సంగతి చెప్పండి.

కొలతలన్నీ చూసుకుని కంపెనీ మార్చాలనుకుంటే నంబరు పోనక్కర్లేదు. 2015 జులై 3 నుంచి సర్కిల్ దాటి కూడా అదే నంబరుతో మారవచ్చు, శ్రీకాకుళంలో తీసుకున్న నంబరును ఒడిశా సర్కిల్‌కు తెచ్చుకోవచ్చు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పోర్ట్ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబరు రాసి 1900కు ఎస్ఎంఎస్ పంపితే 8 అక్షరాల కోడు వస్తుంది. మన సర్కిళ్ళలో అది 4 రోజులే చెల్లుతుంది. అదే సర్కిల్‌లో మారడానికి 3 పని దినాలు, సర్కిల్ మారితే 5. కోడు రాకపోతే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి: ఈ కంపెనీకి వచ్చి 90 రోజులు నిండలేదు, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంది, లేదా పోయిన వారంలోనే సిమ్ మార్పించుకున్నారు. ఈ చివరిది 2024 జులై 1 నుంచి వచ్చిన నిబంధన, 7 రోజులు ఆగాలి. ఎస్ఎంఎస్ పంపే ముందు ప్యాకు గడువు చూసుకోండి, పాత కంపెనీలో మిగిలిన డేటా గానీ బ్యాలెన్సు గానీ కొత్త దానికి రాదు. పాత సిమ్ ఆగి కొత్తది లేచే ఆ కొద్ది గంటల్లో బ్యాంకు ఓటీపీలు రావు, కాబట్టి ఆ రోజు కట్టాల్సిన డబ్బేమైనా ఉంటే ముందు రోజే కట్టేయండి.